ఊర్మిళ మేడమ్ రంభకు వచ్చిన రోజు

మొన్న మా ఆసుపత్రిలో పాత మైక్రోస్కోప్ పెట్టె తెరిస్తే కటకానికి పూసే దేవదారు నూనె వాసన గుప్పుమంది. ఒక్క క్షణం నేను బరంపురం వైద్య కళాశాలలో, వాన వెలుతురు పరుచుకున్న కిటికీ పక్కన, ఊర్మిళ మేడమ్ భుజానికి దగ్గరగా నిలబడ్డట్టే అనిపించింది.

ఆవిడ మాకు ఫిజియాలజీ చెప్పేవారు. ఆ ఊరి బడా బజార్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. పాఠం ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఎప్పుడో తెలియకుండా మా మాటలోకి జారిపోయేవారు. కండరాన్ని మైక్రోస్కోప్‌లో నాకు తొలిసారి చూపించింది ఆవిడే. పొడవాటి పోగులు, వాటి మీద అడ్డంగా వెలుగు, నీడ, మళ్ళీ వెలుగు. చిలికా సరస్సు నీరు వెనక్కి తీసిన ఇసుకలా ఉంది. "ఆ చారల్లో లావు పోగులూ, సన్న పోగులూ ఉంటాయమ్మా. కండ బిగిసినప్పుడు ఏ పోగూ పొట్టిదవదు. లావువాటికి చిన్న చిన్న తలలుంటాయి, అవి సన్నవాటిని పట్టి లాగుతాయి, ఒగ్గి వదిలేస్తాయి, మళ్ళీ పట్టుకుంటాయి. ఒకదాని పక్కనుంచి ఒకటి జారతాయంతే" అన్నారు. "ఒగ్గడానికీ సత్తువ కావాల. అది అయిపోతే పట్టింది పట్టినట్టే ఉండిపోద్ది" అన్నారు.

ఆ మాటకు నా కళ్ళలో చారలన్నీ చెదిరిపోయాయి. ఆ ఏడాదే చిలికా ఒడ్డున మా ఊరు రంభలో మా నాన్న పడవ గాలివానకు తిరగబడింది. ప్రాణం లేని ఆయన్ని ఒడ్డుకు చేర్చినప్పుడు పిడికిట్లో వల తాడుంది. ఎవరెంత ప్రయత్నించినా వేళ్ళు విడలేదు. ఆ పొద్దున్నే అమ్మకూ ఆయనకూ మాటామాటా వచ్చింది. "కోపంతోనే పోనాడు, సూడు ఆ పిడికిలి" అన్నారు పెద్దవాళ్ళు. అప్పటినుంచి అమ్మ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఏమైందని మేడమ్ అడిగితే ఇదంతా చెప్పాను. ఆ ఆదివారం ఆవిడ నాతో రైలెక్కి రంభ వచ్చారు. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, రెండు చేతుల వేళ్ళూ ఒకదాంట్లో ఒకటి దూర్చి చూపించారు.

"కండలో పోగులు ఇలాగ పట్టుకుంటాయక్కా. ఊపిరి పోయాక ఒగ్గడానికి సత్తువుండదు. అది కోపం కాదు."

అమ్మ ఆ వేళ్ళకేసే చూసింది. "అయితే నా మీద కోపం నేదేటి?"

"ఆయన మనసులో ఏటున్నాదో నాకేటి తెలుసు? పిడికిలి మాత్రం దానికి సాక్ష్యం కాదు."

అమ్మ చెయ్యి చాచి, మేడమ్ వేళ్ళను ఒక్కొక్కటే మెల్లగా విడదీసింది. తర్వాత లేచి, "సేపల పులుసుంది, తిని ఎల్లండి" అంది.

మేడమ్ ఇప్పుడు లేరు. నేను డాక్టరునై ఎన్నో మరణాలు చూశాను. బిగిసిన చేతిని చూసి బెదిరిపోయిన వాళ్ళ పక్కన కూర్చుంటాను. తెలిసింది వాళ్ళ మాటలోనే చెబుతాను, తెలియనిది తెలియదంటాను. చెప్పేశాను కదా అని వెంటనే లేచి వెళ్ళిపోను.