మెట్ల కింది మూడో తరగతి

బస్సు డిపోలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆమె మొండిఘటమే. ఆ పేరు పెట్టింది ఆమెకు పెద్ద బండి నేర్పిన ముసలి డ్రైవరు. నేర్చుకునే రోజుల్లో ఆయన బస్సును ఇరుకు సందులోకి వెనక్కి నడపమన్నాడు. ఆమె గోడకు గీసింది. మళ్లీ నడిపింది, మళ్లీ గీసింది. ఇక దిగమ్మా, నీ వల్ల కాదు అన్నాడాయన. ఆమె దిగలేదు. స్టీరింగు పట్టుకుని అక్కడే కూర్చుంది. సాయంత్రం బస్సును గోడకు బెత్తెడు దూరంలో నిలబెట్టాకే కాలు కింద పెట్టింది. "పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఇది" అని ఆయన చెప్పుకుని నవ్వితే, ఆయనతోపాటు నవ్విన డిపోయే ఏడాది తిరిగేసరికి మొండిఘటమన్న మాటను మెచ్చుకోలుగా వాడడం మొదలుపెట్టింది.

ఇంట్లో, గోడలకు రంగులు వేసే పనికి వెళ్లే భర్త, నోరు ఊరుకోని అత్తగారు, ఒక్కగానొక్క కూతురు. ఆ కూతురికి పిచ్చుక అని పేరు పెట్టింది నానమ్మే. నిద్ర లేచింది మొదలు మళ్లీ కళ్లు మూసేదాకా దాని కిచకిచ ఆగదు. "దీన్ని కన్నప్పుడు నోరు ముందొచ్చి, పిల్ల తర్వాత వచ్చింది" అనేది ముసలావిడ.

పిచ్చుక మూడో తరగతికి వచ్చిన ఏడాది మొదట్లో బడిలో తల్లిదండ్రులను పిలిచి మాట్లాడారు. డ్యూటీకి వెళ్లే తొందరలో ఆమె యూనిఫారంతోనే వచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. క్లాసు టీచరు చిన్నపిల్లలా ఉంది, గొంతు మెత్తన. ఇన్నాళ్లూ పిల్లలు చదవడం నేర్చుకున్నారు, ఇక నుంచి చదివి నేర్చుకోవాలి అంది. ఇప్పుడు లెక్క కూడా అంకెల్లో ఉండదు, వాక్యంలో దాక్కుని ఉంటుంది. ఎక్కాలు తడుముకోకుండా రావాలి. చూసి రాయడం కాదు, సొంతంగా నాలుగు మాటలు కూర్చాలి. చదువు సంగతి అలా ఉంచితే, ఇళ్లల్లో ఎదురు సమాధానాలు మొదలవుతాయంది. అమ్మానాన్నల కంటే పక్క బెంచీ స్నేహితులు ఎక్కువవుతారట. ఇది న్యాయమా అని పొద్దస్తమానం నిలదీస్తారట. తండ్రులు కొందరు నవ్వారు. కంగారు పడకండి, ఏడాది పొడుగునా పడుతూ లేస్తూ ఉంటారు, కాస్త ఓపిక పట్టండి అని టీచరు ముగించింది. ఆమె ఆ మాటలన్నీ చెవిన వేసుకుని బస్సెక్కింది. తన పిల్లకు నోరుంది, దానికేం భయం అనుకుంది.

తీరా చూస్తే ఇంట్లో గంటకొట్టినట్టు మాట్లాడే పిల్ల క్లాసులో పుస్తకం పట్టుకుని లేస్తే నోరు విప్పడం లేదట. టీచరు పిలిచి చెప్పేదాకా ఆమెకు తెలియదు. నమ్మలేదు కూడా. ఇంట్లో రోజూ పాఠం గడగడా అప్పజెబుతుంది కదా అంది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం తీసి ముందు పెట్టింది. పిచ్చుక బొమ్మ వంక చూసింది. బొమ్మలో ఒక మేకా, ఒక ముసలాయనా ఉన్నారు. పిల్ల గుక్కతిప్పుకోకుండా కథ మొదలుపెట్టింది. మేకకు కాలు విరగడం, ముసలాయన దాన్ని భుజాన వేసుకుని పట్నం పోవడం, అక్కడ డాక్టరు మేకను చూసి పారిపోవడం. నానమ్మ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. తల్లి పుస్తకం లాక్కుని చూసింది. కాలూ లేదు, డాక్టరూ లేడు. అది మేకలు ఏ ఆకులు తింటాయో చెప్పే పాఠం. రెండేళ్లుగా పిల్ల విన్నదాన్ని గుర్తుపెట్టుకుని, సరైన చోట పేజీ తిప్పుతూ నెట్టుకొచ్చిందని అప్పుడు అర్థమైంది. అక్షరాలు వచ్చు. వాటిని కూడబలుక్కుని మాట చేసేసరికి పక్కపిల్లలు నవ్వుతారు. అందుకని నోరు మూసుకుంది.

మొదటి పరీక్షలయ్యాక బడిలో మూడో తరగతిని రెండుగా చీల్చారు. బాగా చదివేవాళ్లు పైన పాత గదిలోనే ఉన్నారు. మిగిలినవాళ్లను మెట్ల కింద, విరిగిన కుర్చీలు పెట్టుకునే గది ఖాళీ చేసి కూర్చోబెట్టారు. "మాకు కొత్త గది ఇచ్చారు" అని పిచ్చుక మొదటిరోజు సంబరంగానే చెప్పింది. కొన్నాళ్లకు, "మా గదికి టీచర్ రాదు. వచ్చినా పలకరించి పోతుంది" అంది. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. బడి నుంచి రావడం, మూలన కూర్చోవడం. ఇంట్లో కిచకిచ ఆగిపోయింది. "ఇల్లు బోసిగా ఉందే అమ్మాయ్" అంది అత్తగారు.

పిచ్చుక తల్లి ఒంటికాలి మీద లేవడానికి కారణం ఒకటుంది. చిన్నప్పుడు ఆమెనూ మూడో తరగతిలోనే ఆపేశారు. తనకంటే చిన్నపిల్లల మధ్య, తాటిచెట్టులా, మళ్లీ అదే పుస్తకం పట్టుకుని ఏడాదంతా కూర్చుంది. తర్వాత పదో తరగతి దాకా లాక్కొచ్చింది గానీ, ఆ రోజు నుంచి పుస్తకమంటే ఒళ్లు మండేది. బండి నడపడానికి కావలసినంత చదివి మిగతాది వదిలేసింది.

ముందు ఇంట్లోనే దండయాత్ర మొదలుపెట్టింది. డ్యూటీ దిగి రాగానే పిల్లను ఎదురుగా నిలబెట్టి, చదువు అని కూర్చునేది. పిల్ల నేల చూపులు చూసేది. ఒకరోజు గొంతు పెంచితే పిచ్చుక పుస్తకం ఆమె ఒళ్లో పడేసింది.

"ముందు నువ్వు చదువు."

"నాకు పనుంది."

"నీకెప్పుడూ పనే. నాకు రానిది నేను అందరి ముందూ చదవాలి. నీకు రానిది నిన్నెవరూ చదవమనరు. ఇదేం న్యాయం?"

మూలనున్న నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాటకు మాట, అచ్చం తల్లి పోలికేనని తర్వాత కొడుకుతో అంది. తల్లి చెయ్యి లేవబోయి ఆగింది. రోషంగా పుస్తకం తెరిచింది. మొదటి రెండు వాక్యాలూ బాగానే నడిచాయి. మూడో వాక్యంలో ఒత్తు మీద ఒత్తు ఉన్న మాటొకటి వచ్చింది. నాలుక మడత పడింది. మళ్లీ చదివింది, మళ్లీ తప్పింది. చెవులు వేడెక్కాయి. పిల్ల నవ్వుతుందని చూసింది. పిచ్చుక నవ్వలేదు. దగ్గరికి జరిగి ఆ మాట కింద వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ, తల్లికి దారి చూపిస్తున్నట్టు జరిపింది. చివరికి ఇద్దరూ కలిసి దాన్ని పట్టుకున్నారు.

ఆనాటి నుంచి వాక్యానికి వాక్యం. ఒకటి తల్లి, ఒకటి కూతురు. వంటింటి గడప మీద కూర్చుని చదివేవాళ్లు. మోచేతులకు రంగు అంటుకుని వచ్చిన తండ్రి వినడానికి కూర్చుని కునికిపాట్లు పడేవాడు. కూతురు అతన్ని పొడిచి లేపి, మళ్లీ మొదటి నుంచి అనేది.

ఇంట్లో సంగతి అలా గాడిన పడింది గానీ, బడిలో మెట్ల కింది గది అలాగే ఉంది. ఆమె హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చెడ్డవాడేం కాదు, అలసిపోయిన మనిషి. ఇద్దరు టీచర్లు మానేశారు, కొత్తవాళ్లను ఇవ్వలేదు, బాగా చదివేవాళ్లను నెమ్మదైనవాళ్ల కోసం ఆపలేను అన్నాడు. ఇష్టం లేకపోతే రెండో తరగతిలో కూర్చోబెడతాను, అక్కడ టీచరు ఉంది అన్నాడు. ఆ చివరి మాటకు ఆమె లోపల ఏదో భగ్గుమంది. పళ్లు బిగించి బయటికి వచ్చింది.

తన తర్వాతి వారపు సెలవు రోజున పిచ్చుకతోపాటు తనూ బడికి వెళ్లింది. గేటు దగ్గర ఆగలేదు. పిల్ల వెనకే మెట్ల కింది గదిలోకి నడిచి ఆఖరి బెంచీ మీద కూర్చుంది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. గది కప్పు ఒక పక్కకు వాలి ఉంది. పైన పిల్లలు మెట్లు దిగినప్పుడల్లా ధనధనమని నెత్తిన పడుతున్నట్టే ఉంది. ఉన్న ఒక్క కిటికీ సైకిళ్ల షెడ్డు వైపు. బోర్డు మీద ఎప్పటిదో పాత తారీఖు. పిల్లలు కాసేపు ఆమెను వింతగా చూసి, తర్వాత ఎవరి గొడవలో వాళ్లు పడ్డారు. ఒకడు బల్ల చెక్కుతున్నాడు. ఒకమ్మాయి నిద్రపోతోంది. ప్యూను వచ్చి ఎవరి కోసం అని అడిగాడు. టీచరు కోసం చూస్తున్నానంది. గంట కొట్టారు. మళ్లీ కొట్టారు. ఎవరూ రాలేదు. ఆమె కదలలేదు.

చివరికి హెడ్‌మాస్టరే వచ్చాడు, వెనక క్లాసు టీచరు. పిల్లలు లేచి నిలబడ్డారు. ఆమె కూడా లేచింది, తల వాలిన కప్పుకు తగిలింది. ఇలా వచ్చి కూర్చోవడం పద్ధతి కాదని, ఇది బడి గానీ బస్టాండు కాదని ఆయన అన్నాడు.

"బస్టాండు కాదు కాబట్టే వచ్చాను సార్" అందామె. గొంతు పెంచలేదు. "నా బస్సులో సీట్లు చాలకపోతే నేను సగంమందిని షెడ్డులో దించి, మీరూ ప్రయాణం చేస్తున్నారులెండి అని చెప్పను. కొందరు కూర్చుంటారు, కొందరు నిలబడతారు, ఇరుక్కుని అయినా అందరూ ఊరు చేరతారు. టీచర్లు తక్కువన్నారు, ఒప్పుకుంటాను. తక్కువైతే అందరికీ తక్కువ కావాలి. కొరతంతా తెచ్చి ఈ మెట్ల కిందే ఎందుకు పెట్టారు?"

 అది తానొక్కడే తేల్చే విషయం కాదన్నాడు హెడ్‌మాస్టరు.

"తేలేదాకా వస్తాను. వారానికో సెలవుంది నాకు."

ఆ రోజు బడి వదిలేదాకా ఆమె అక్కడే ఉంది. ఇంటికి నడుస్తుంటే పిచ్చుక ఆమె చెయ్యి పట్టుకోలేదు. అందరూ నిన్నే చూశారు, నాకు సిగ్గేసింది అంది. తల్లికి ఆ మాట సూదిలా గుచ్చుకుంది. కొంత దూరం నడిచాక, "నాకూ వేసింది. అయినా మళ్లీ వస్తాను" అంది. రోడ్డు దాటేటప్పుడు పిల్ల చెయ్యి అందించింది.

మాట బడి దాటి వీధిలో పడింది. పై గదిలో కొడుకున్న బట్టల కొట్టు యజమానికి మండుకొచ్చింది. చదివేవాళ్ల మధ్య చదవనివాళ్లను తోస్తే తన కొడుకు గతేమిటని ఆయన భయం. మీ డ్రైవరు బడిలో గొడవ చేస్తోందని డిపోకు చెప్పి వచ్చాడు. డిపో మేనేజరు ఆమెను పిలిపించాడు. బడికి వెళ్లి ఒక్కసారి క్షమించమని చెప్పిరా, ఇక్కడితో వదిలేద్దాం అన్నాడు.

"తప్పు చేస్తే చెప్పేదాన్ని సార్. సెలవు రోజున నా కూతురి పక్కన కూర్చున్నాను. అందులో క్షమించడానికి ఏముంది?"

మరునాటి నుంచి ఆమెను ఊళ్లో తిరిగే రూటు నుంచి తీసి గుట్టల రూటుకు వేశారు. తారు లేచిపోయిన రోడ్డు, అడుగుకో గుంత, పొద్దు పొడవక ముందే బయలుదేరాలి. పెద్దవాళ్లతో పెట్టుకోవడమెందుకు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అత్తగారు సణిగింది. "అడుసులో ఉన్నది మన పిల్లే అత్తయ్యా" అందామె.  మర్నాడు ముసలావిడ చీకటితో లేచి కోడలికి కారియరు కట్టింది.

మరుసటి సెలవుకు ఆమె మళ్లీ బడికి వెళ్లింది. ఈసారి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే ఒకావిడ పనికి ఆలస్యమైనా సరేనని వచ్చి పక్కన కూర్చుంది. ఆ పైవారం మనవడిని దింపడానికి వచ్చిన ఒక తాత కూడా చేతికర్ర బల్లకు ఆనించి, ఇక్కడ చల్లగా ఉంది, నేనూ ఉంటాను అన్నాడు.

చివరికి కదిలింది హెడ్‌మాస్టరు కాదు, ఆ మెత్తని గొంతు క్లాసు టీచరు. ఒక ఉదయం ఆమె ఎవరినీ అడగకుండా కిందికి వచ్చి, పుస్తకాలు తీసుకోండి, పైకి పదండి అంది. పై గదిలో బెంచీలు చాలలేదు. కొందరు కింద కూర్చున్నారు. ఇరుకుగా ఉంటుంది, సర్దుకోండి అని మాత్రం చెప్పి పాఠం మొదలుపెట్టింది. హెడ్‌మాస్టరు గుమ్మం దాకా వచ్చి, చూసి, చూడనట్టు వెళ్లిపోయాడు. ఎందుకు చేశావమ్మా అని తర్వాత తల్లి అడిగితే, "మెట్లెక్కినప్పుడల్లా నా కాళ్ల కింద పిల్లలున్నారని గుర్తొస్తోంది. ఎక్కలేకపోయాను" అంది టీచరు.

అంతటితో అన్నీ చక్కబడ్డాయా అంటే లేదు. బట్టల కొట్టాయన కొడుకును వేరే బడికి మార్చాడు. గదిలో గోల పెరిగింది. టీచరు గొంతు సాయంత్రానికి బొంగురుపోయేది. బాగా చదివే పిల్లల పక్కన నెమ్మదైనవాళ్లను కూర్చోబెట్టింది. పిచ్చుక పక్కన కూర్చున్నది, మొదట్లో దాన్ని చూసి నవ్విన పిల్లే. ఇద్దరూ రబ్బరు కోసం కొట్టుకున్నారు, మాట్లాడుకోవడం మానేశారు, మళ్లీ కలిశారు, తల్లి అడిగితే నీకు తెలియదులే అంది పిచ్చుక.

ఏడాది చివర చదివే పరీక్ష. పిల్లలందరి ముందూ ఒక పేజీ చదవాలి. పిచ్చుక లేచింది. ఎడ్లబండి నడిచినట్టు చదివింది. ఒక మాట దగ్గర ఆగి, మింగి, మళ్లీ పట్టుకుంది. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చుక తల తిప్పి, "ఆగు, ఇంకా అవలేదు" అంది. మళ్లీ పేజీలోకి దిగి చివరి చుక్క దాకా చదివి గానీ కూర్చోలేదు. మార్కులు గట్టెక్కేటన్నే వచ్చాయి. ఎనిమిదో ఎక్కం మాత్రం మూడో తరగతిలోనే మిగిలిపోయింది. పిల్ల నాలుగుకు వెళ్లింది.

బడి తెరిచాక డిపో మేనేజరు ఆమెను మళ్లీ పిలిచాడు. పాత రూటు ఖాళీ అయింది, ఒక్క మాట, తప్పయిందని అను చాలు, ఎవరికీ చెప్పను, రేపటి నుంచే ఊళ్లో తిరుగు అన్నాడు. పొద్దున్నే లేచి గుంతల్లో నడుము విరగ్గొట్టుకోవడం ఆమెకూ సరదా కాదు. 

"ఊరికే ఇస్తే తీసుకుంటాను సార్. చేయని తప్పు ఒప్పుకుని మాత్రం తీసుకోను."

మేనేజరు నవ్వలేదు, కోప్పడలేదు. సరే వెళ్లు అన్నాడు. బయట గుట్టల రూటు బస్సులో జనం అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆమె ఎక్కి అద్దం సరిచేసుకుని బండి తీసింది. ఇప్పటికీ ఆ రూటులోనే నడుపుతోంది.