సెలవులో దొరికే నంబరు

మా అబూ షిహాబ్ సెలవులో ఉన్నప్పుడు ఫోను అందని చోట అడుగు పెట్టడు. ఈ ఒక్క మాట తెలిస్తే మనిషి సగం తెలిసినట్టే. మిగతా సగం తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

ఎడారి అంచున సైనిక వాహనాల డిపోలో ఆయన పెద్ద మేస్త్రీ, నేను ఆయన కింద జనరేటర్ మెకానిక్‌ని. ఇద్దరిదీ కరక్ ఊళ్లో ఒకే వీధి. సెలవులో ఉన్నా పిలిస్తే పలకాలని మా డిపో నియమం. మేం దాన్ని తిట్టుకునేవాళ్లం, ఆయన ఉపవాసమంత నిష్ఠగా పాటించేవాడు. మా సెలవు కాగితాలు కూడా ఆయనే పూరించేవాడు, మేం సంతకం గీకి ఊరికి పరుగెత్తేవాళ్లం.

ఆయన ఇంట్లో సిగ్నల్ మేడమీద నీళ్లట్యాంకు పక్కనే దొరుకుతుంది. సెలవంతా ఆయన కాపురమూ అక్కడే.

"దిగి రావయ్యా, మన్సఫ్ అన్నం చల్లారిపోతోంది!" అని ఆయన భార్య ఉమ్మ్ షిహాబ్ మెట్ల దగ్గర్నుంచి అరిచేది.

"పైకే పంపు, ఇక్కడ రెండు గీతలున్నాయి!"

"అయితే ఆ గీతలే నంజుకో!"

స్నానానికి వెళితే ఫోను పాలిథిన్ సంచిలో కుళాయికి వేలాడేది. ఒకసారి మంగలి నాయెఫ్ సగం గడ్డం గీశాడో లేదో, ఫోను మోగింది. మెడలో తువాలుతో నడివీధిలోకి దూకి "హాజిర్, సార్!" అని కేకేశాడు. ఇంజన్ల మోతకు చెవులు మందగించి స్పీకరు మీదే మాట్లాడేవాడు కాబట్టి, ఆ రోజు ఏ లారీకి గేరుపెట్టె పోయిందో వీధంతా విన్నది.

నాకు మాత్రం సెలవులో ఒక్క పిలుపూ రాలేదు. కొంచెం చిన్నతనంగా ఉండేది.

"నన్నెవరూ పిలవరేం బాబాయ్?"

"నీ పనితనం అలాంటిదిరా మిషాల్" అని నవ్వేవాడు.

పోయిన వసంతంలో రుదైనాను నాకిమ్మని అడగడానికి పెద్దలు బయలుదేరారు. వాళ్ల తాత హాజీ ఖలఫ్‌కు సైనికులంటే పడదు. పెద్ద మనవరాలి పెళ్లివిందులో సైనికుడైన పెళ్లికొడుకును ఫోను చేసి లాక్కుపోయారట. "సైనికుడికి పిల్లనిస్తే ఫోనుకిచ్చినట్టే" అని ఊరంతా చెప్పాడు. మా తరఫున మాట్లాడేది అబూ షిహాబ్. అక్కడ ఫోను ముట్టనని మా అమ్మ ఆయనచేత ఒట్టు వేయించుకుంది.

"చేత్తో పట్టుకోనక్కా" అన్నాడు. అంగీలోపల పెట్టుకోనని అనలేదు.

కాఫీ వచ్చింది. పిల్లనిస్తామనే దాకా అడగవచ్చినవాళ్లు తాగకూడదు. అబూ షిహాబ్ కప్పు కింద పెట్టి, నా గుణగణాలు నాకే సిగ్గేసేలా వర్ణించాడు.

సరిగ్గా అప్పుడే ఆయన అంగీలో ఫోను మోగింది.

"హాజిర్, సార్!"

"పెద్ద జనరేటర్ ఆగిపోయింది!" మా కెప్టెన్ గొంతు సభంతా మోగింది. "మిషాల్ సెలవు కాగితంలో నంబరుకు చేస్తే నువ్వు పలుకుతావేం? మొన్న సమీహ్‌కు చేసినా నువ్వే! ఎంతమందికి నీ నంబరు రాశావయ్యా?"

"పదకొండు మందికండీ. కుర్రాళ్లు, సెలవులు తక్కువ... మిషాల్ ఈరోజు దొరకడు సార్. నేనొస్తున్నా."

కంగారులో గొంతెండి, ఎదురుగా ఉన్న కప్పెత్తి గటగటా తాగేశాడు.

సభ మొత్తం నోరు తెరిచింది.

"ఏమయ్యా," అన్నాడు హాజీ ఖలఫ్ ఖాళీ కప్పు చూస్తూ, "నేనింకా ఇస్తానన్లేదే?"

అబూ షిహాబ్ చెమటలు తుడుచుకున్నాడు. "తప్పైపోయింది హాజీ గారూ. కక్కమంటే కక్కలేను."

ముసలాయన మీసాలు వణికాయి. కోపమనుకున్నాం, పగలబడి నవ్వాడు. "వీడింట్లో మోగాల్సిన ఫోను నీ ఇంట్లో మోగుతోందన్నమాట! ఇంకేం భయం? పిల్లనిచ్చాం. తక్కినవాళ్లూ తాగండి!"

అబూ షిహాబ్ ఆ జరీ అంగీతోనే జనరేటర్ బాగుచేయడానికి వెళ్లాడు.

పోయిన నెల ఆయన సెలవు. ఈసారి ఆయన కాగితం పూరించింది నేను. మూడోరోజు దిగులుగా మా మేడెక్కాడు.

"ఏరా, నా ఫోను పాడైనట్టుంది. ఓసారి చేసి చూడు."

చేశాను. ఊరు దద్దరిల్లేలా మోగింది.

"బాగానే ఉంది బాబాయ్."

"మరి ఒక్కరూ పిలవరేం?"

"నీ పనితనం అలాంటిది మరి."

కింద నుంచి రుదైనా అన్నం చల్లారుతోందని అరిచింది. అంతలో నా ఫోను మోగింది.

"హాజిర్, సార్!" అన్నాను.