ముద్దలో పెట్రోలు వాసన

మొన్న గిద్దలూరులో నా పాత బండి ఆగిపోయింది. మెకానిక్ కార్బొరేటర్ విప్పి, అందులో పెట్రోలు పారే సన్న బెజ్జపు జెట్‌ను పెదాల మధ్య పెట్టుకుని ఊది, నల్లగా ఉమ్మేశాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగాను.

రాచర్ల దగ్గర మా పల్లెలో, నాకు ఏడేళ్లప్పుడు, మిరపకు మందు కొట్టాల్సిన రోజున పెట్రోలు స్ప్రేయర్ మొరాయించింది. నాయన వసారాలో గోనెపట్ట పరిచి ఇంజన్ విప్పాడు. నిరుటి పెట్రోలు కార్బొరేటర్ అడుగున చీమిడిలా జిగురు కట్టింది. పొగగొట్టంలో బల్లి చచ్చి ఎండిపోయింది. జిగురును కోడి ఈకతో కడిగి, జెట్‌ను చీపురు పుల్లతో పొడిచి, నోటితో ఊది తుపుక్కున ఉమ్మాడు. ఆ ఇంజన్ నిండా పురుగుల మందే ఉంటుందని అప్పట్లో నా నమ్మకం.

ఇంజన్ మోగింది. నాయన చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, రోజూలాగే పప్పన్నం కలిపి నాకు ముద్ద పట్టాడు. గోళ్ల సందుల్లో నలుపు పోలేదు, కంపూ పోలేదు.

"నాకొద్దు. నీ నోట్లోకి మందు పోయింది," అన్నాను.

"మందు ట్యాంకులో ఉంటదమ్మా. ఇంజన్లో ఉండేది పెట్రోలే."

"అయినా కంపు."

"దొరసానికి ముద్ద గూడా వాసనొస్తాంది సూడు," అని అమ్మ నవ్వింది. నాయనా నవ్వి, ఆ ముద్ద తానే తిన్నాడు. మరునాటి నుంచి నాకు అమ్మే కలిపి పెట్టింది. నాయన మళ్లీ ముద్ద పట్టలేదు, నేనూ అడగలేదు.

బండి స్టార్టయ్యాక మెకానిక్ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని తాళం ఇచ్చాడు. రెండు వేళ్లతో అంచు పట్టుకుని తీసుకున్నాను. అతను నా వేళ్లకేసి చూశాడు. ఆ రోజు నాయన కూడా నా మొహంకేసి ఇలాగే చూసి ఉంటాడు.