బ్రేకులమ్మ

ఆమె ఉద్యోగం సొట్టలు చూడడం. వాహనాల బీమా కంపెనీలో, మూడో అంతస్తులో, కిటికీకి బాగా దూరంగా ఆమె బల్ల. ఎక్కడెక్కడో గుద్దుకున్న కార్ల ఫొటోలు ఆమె కంప్యూటరు మీదికి వచ్చేవి. బానెట్ ముడుచుకుపోయినవి, తలుపు లోపలికి నొక్కుకుపోయినవి, వెనక దీపం పగిలి ఎర్ర ముక్కలు రోడ్డంతా చిందినవి. వాటిని పెద్దవి చేసి, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తప్పెవరిదో తేల్చాలి. పదేళ్ళకు పైగా తేల్చింది. ఈ పనిలో చేరిన మొదటి రోజే నేర్పే సూత్రం ఒకటుంది. ముందు బండి ఎందుకు ఆగిందన్నది అనవసరం, వెనక నుంచి వచ్చి గుద్దినవాడిదే తప్పు. వాడు దూరం ఉంచుకోవాలి. ఉంచుకుని ఉంటే గుద్దేవాడే కాదు.

కూర్చుని కూర్చుని ఆమెకు నడుము పట్టేసింది. డాక్టరు సైకిలు తొక్కమన్నాడు. రోడ్డు మీదనా, ససేమిరా అంది. పొద్దస్తమానం అలాంటి ఫొటోలు చూసేవాళ్ళకు రోడ్డు మీద సదభిప్రాయం ఉండదు మరి. అందుకని ఆమె భర్త, బడిలో లెక్కల మాస్టారు, ఒక సైకిలు కొని, దాని వెనక చక్రం ఊడదీసి, ఒక ఇనుప యంత్రానికి బిగించి పడకగదిలో పెట్టాడు. ఎంత తొక్కినా అది అక్కడే ఉంటుంది. ఎంత బలంగా తొక్కారో మాత్రం అంకెల్లో చూపిస్తుంది. ఆయన తల్లి వాళ్ళతోనే ఉండేది. ఆవిడ రోజూ గుమ్మంలో నిలబడి ఈ వేడుక చూసేది.

"గంట నుంచి తొక్కుతున్నావు, గడప కూడా దాటలేదు. ఎక్కడికమ్మాయ్ ప్రయాణం?"

"ఎక్కడికీ కాదత్తయ్యా. నడుము కోసం."

"నడుము కోసమైతే ఇల్లు తుడవచ్చుగా. ఇల్లూ బాగుపడేది."

ఆ రోజుల్లోనే ఒక మహిళా సైక్లింగ్ జట్టువాళ్ళు ఒక పోటీ పెట్టారు. ఇళ్ళల్లో ఇలాంటి యంత్రాలు తొక్కేవాళ్ళెవరైనా దిగవచ్చు. అందరికన్నా బలంగా తొక్కినామెకు జట్టులో ఏడాది కాంట్రాక్టు. సగం ప్రచారం కోసం పెట్టిన పోటీ అది. తోచక ఆమె కూడా దిగింది. ఆమె అంకెలు చూసి జట్టువాళ్ళు యంత్రం చెడిపోయిందనుకున్నారు. తమ యంత్రం ఒకటి పంపించి, తమ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఆమె చేత తొక్కించారు. అంకెలు తగ్గకపోగా ఇంకాస్త పెరిగాయి.

ఉద్యోగం మానేస్తానంటే పై ఆఫీసరు నవ్వాడు. "సెలవు పెట్టి వెళ్ళి రావచ్చుగా? పిచ్చి దిగాక చూసుకుంటే సీటు ఉంటుంది."

"సీటు ఉందని తెలిస్తే వచ్చేస్తానండీ. అందుకే వద్దు."

అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్ళు. తన ఒంట్లో అంత బలం ఉందని ఆ వయసులో తెలిసింది. తెలిశాక దాన్ని మళ్ళీ తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. భర్త రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు. అత్తగారు మాత్రం కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. "ముప్పై దాటితే ఎవరైనా సైకిలు దిగి కారెక్కుతారు. మా కోడలు ఆఫీసు దిగి సైకిలెక్కింది." అది ఫిర్యాదో గొప్పో విన్నవాళ్ళకు అర్థమయ్యేది కాదు.

బలం ఒకటుంటే చాలదని మొదటి వారంలోనే తెలిసింది. రోడ్డు రేసు గుంపుగా సాగుతుంది. సైకిలు తొక్కేవాళ్ళకు అసలు శత్రువు గాలి. ముందున్న మనిషి వెనక చక్రానికి జానెడు దూరంలో మన ముందు చక్రం ఉంచితే ఆ గాలంతా ఆమే మోస్తుంది, మనకు సగం శ్రమ తప్పుతుంది. అందుకే ప్రతి జట్టులో గెలవగలిగినది ఒకత్తి ఉంటుంది, మిగతావాళ్ళు వంతులవారీగా ఆమె ముందుండి గాలి మోస్తారు. వీళ్ళ జట్టులో ఆ ఒకత్తి ఇరవై మూడేళ్ళ పిల్ల. బక్కపలచగా ఉంటుందని అందరూ పిట్ట అనేవారు. ఈమెను తీసుకున్నదే పిట్టకు ముందుండి గాలి మోయడానికి.

మోయగలదు. కానీ నాలుగు వైపులా మోచేతులు తగులుతుంటే, ముందు చక్రం జానెడు దూరంలో తిరుగుతుంటే, ఆమె కంటికి ఆ పాత ఫొటోలే కనపడేవి. చీటికిమాటికి వేళ్ళు బ్రేకు మీదికి పోయేవి.

ఒక రేసులో అది జరగనే జరిగింది. తిన్నని రోడ్డు, మంచి ఎండ, ఎవరికీ తొందర లేని సమయం. ముందెవరి చేతిలోంచో నీళ్ళ సీసా జారి దొర్లుకుంటూ వచ్చింది. ఆమె బ్రేకు గట్టిగా పట్టేసింది. వెనకే పిట్ట. పిట్ట వచ్చి ఆమె చక్రానికి కొట్టుకుని పడింది, పిట్ట మీద మరో ఐదారుగురు పడ్డారు. పిట్టకు మెడ కింద ఎముక విరిగింది. ఈమెకు మాత్రం గోరంత గాయం కాలేదు.

ఆ సాయంత్రం జట్టు బస్సులో పిట్ట సీటు ఖాళీగా ఉంది. ఎంతసేపని ఊరుకుంటుంది? తనకు తెలిసిన మాట తను అంది.

"వెనకున్నవాళ్ళు కాస్త దూరం ఉంచుకోవాలి కదా?"

నిజంగా అలాగే అనుకుంది పాపం. పదేళ్ళు జీతం తీసుకుని రాసిన మాట అది. బస్సులో ఒక్కొక్కరూ తిరిగి ఆమె వంక చూశారు. మేనేజరు కూడా ఒకప్పుడు రేసులు తొక్కిన మనిషే. లేచి వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"ఇక్కడ తప్పు ముందున్నవాళ్ళది. దూరం ఉంచుకుంటే వాళ్ళకు గాలి తగులుతుంది. గాలి తగిలితే ఇక జట్టెందుకు? నీ వెనకున్న పిల్లకు రోడ్డు కనపడదు, నీ టైరొక్కటే కనపడుతుంది. నిన్ను నమ్ముకుని వస్తుంది. అర్థమైందా?"

అర్థమైంది. అర్థమయ్యాక ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు.

ఆ తరవాత ఆమె వెనకకు ఎవరూ వచ్చేవారు కాదు. సాధనలో కూడా ఆమె ముందుకు రాగానే వెనకవాళ్ళు మెల్లగా పక్కకు జరిగి ఇంకొకరి వెనక చేరేవారు. బ్రేకులమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా అనలేదు గానీ పేరు చెవిన పడకుండా ఉంటుందా? గొడుగు పట్టడానికి పెట్టుకున్న మనిషి పక్కకు ఎవరూ రాకపోతే ఆ మనిషికి జీతమెందుకు? మేనేజరు కూడా ఆ మాటే చెప్పింది, కాస్త మర్యాదగా. "ఏడాది చివరి రేసు దాకా చూస్తాను. అప్పటికీ నీ వెనక ఒక్కరైనా రాకపోతే కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్ళను నేను అడగలేను."

నడి వేసవిలో కొన్ని వారాలు సెలవిచ్చారు. ఇంటికి వెళ్ళేముందు జట్టు మెకానిక్ ఆమె సాధన సైకిలుకు బ్రేకు తీగలు విప్పేశాడు. పిడులు మాత్రం ఉంచాడు. "గడ్డి మైదానంలో తొక్కు, ఎవరినైనా పక్కన పెట్టుకుని గుద్దించుకో. దీంతో రోడ్డెక్కావంటే నా ఉద్యోగం ఊడుతుంది."

గుద్దడానికి దొరికింది భర్తే. బడి వెనక మైదానంలో రోజూ సాయంత్రం ఆయన తన పాత సైకిలు మీద, బుట్టతో సహా, ఆమె పక్కన తొక్కుతూ భుజంతో తోసేవాడు. మొదట్లో మరీ మర్యాదగా తోసేవాడు. అత్తగారు మడత కుర్చీ వేసుకుని కూర్చుని ఇద్దరినీ ఎగదోసేది.

"అదేం తోపురా, చీమకైనా తగిలిందా? అమ్మాయ్, నువ్వు గుద్దు వాణ్ణి! ఇన్నేళ్ళ కోపాలున్నాయి, ఇప్పుడే తీర్చుకో!"

ఇద్దరూ పడేవారు, లేచేవారు. పడబోయిన ప్రతిసారీ ఆమె వేళ్ళు బ్రేకు పిడిని నొక్కేవి. అది ఉత్తిదే గనక ఏమీ జరిగేది కాదు. చేసేది లేక భుజం ఆనించి నిలదొక్కుకోవడం నేర్చుకుంది. సెలవులు అయ్యేసరికి వేళ్ళు పిడి దాకా పోవడం చాలావరకు మానేశాయి. మాస్టారి మోచేతులు నల్లగా కమిలిపోయాయి. బడిలో తోటి మాస్టార్లు ఏమైందని అడిగితే "మా ఆవిడండీ" అనేవాడు. వాళ్ళు ఇంకేమీ అడిగేవారు కాదు.

చివరి రేసుకు పిట్ట కోలుకుని వచ్చింది. ముందు రోజు హోటల్లో భోజనాల దగ్గర మేనేజరు దారి పటం గోడకు అంటించింది. చివర్లో ఒక దిగుడు, దిగుడు చివర ఇరుకు మలుపు, మలుపు దాటగానే కొండ. మలుపులోకి ముందుగా వెళ్ళినవాళ్ళకే గెలిచే వీలుంది. పిట్టను అక్కడిదాకా తీసుకెళ్ళవలసిన పిల్లకు జ్వరం వచ్చింది.

"ఎవరు తీసుకెళ్తారు?" అంది మేనేజరు.

పిట్ట కంచంలోంచి తల ఎత్తకుండానే అంది. "అక్క వెనక వెళ్తాను."

అక్క అంటే ఎవరో అందరికీ తెలుసు.

"వద్దు," అంది ఆమె. "మళ్ళీ పడేస్తే?"

"ఒకసారి అతుక్కున్న ఎముక రెండోసారి అతుక్కోదా? ఏం ఫరవాలేదక్కా, నాకు నమ్మకం ఉంది."

అందరూ నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. ఇంకొకరి ఎముకలు తన వేళ్ళ మీద ఆధారపడి ఉన్నాయంటే ఎవరికి నవ్వొస్తుంది?

రేసు రోజు సన్నగా తుంపర. దిగుడు మొదలయ్యేముందు ఆమె గుంపు పక్కనుంచి గాలికి ఎదురెళ్ళి పిట్టను ముందుకు లాక్కొచ్చింది. అప్పుడప్పుడు వెనక నుంచి "ఉన్నాను" అని వినపడేది. వినపడిన ప్రతిసారీ ఆమెకు ధైర్యమూ వచ్చేది, భయమూ వేసేది. సరిగ్గా మలుపు దగ్గర వేరే జట్టు పిల్ల ఒకతె పక్కనుంచి దూసుకొచ్చి అడ్డం వచ్చింది. ఆ పిల్ల హ్యాండిల్ ఆమె మోచేతికి తగిలింది. తడి రోడ్డు మీద ఆ పిల్ల చక్రం జర్రున జారింది. ఆమె వేళ్ళు పిడి మీదికి పోయాయి. ఇది గడ్డి మైదానం కాదు, నొక్కితే పట్టే బ్రేకు. నొక్కలేదు. భుజం ఆనించి ఆ పిల్లను తోసి నిలబెట్టి, తన గీత తప్పకుండా మలుపు దాటింది.

కొండ మొదట్లో ఆమె కాళ్ళలో సత్తువ అయిపోయింది. పక్కకు జరిగింది. పిట్ట ఆమెను దాటుకుని పైకి వెళ్ళిపోయి మూడో స్థానంలో వచ్చింది. ఈమె గమ్యం చేరేసరికి రోడ్డు పక్క కంచెలు విప్పుతున్నారు. మేనేజరు గొడుగు కింద నిలబడి ఉంది. "కాంట్రాక్టు కాగితాల సంగతి రేపు మాట్లాడదాం. వేరే ఉద్యోగాలేమీ వెతుక్కోకు," అంది.

బస్సు మెట్ల మీద పిట్ట దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కన చోటిచ్చింది.

"అక్కా, ఒక మాట. ఎవరికీ చెప్పకు."

"చెప్పు."

"ఆ మలుపులో నేను కళ్ళు మూసుకున్నాను."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"నమ్మకం ఉందని నిన్న అందరి ముందూ గొప్పలు పోయాను. తీరా అక్కడికి వచ్చేసరికి చచ్చే భయమేసింది."

"అంత భయమేస్తే బ్రేకు వెయ్యలేకపోయావా?"

"వేస్తే నువ్వు ముందుకెళ్ళిపోతావు, నేను వెనకబడిపోతాను. అందుకని కళ్ళే మూసుకున్నాను."

ఆమెకు కోపం వచ్చింది. కోపం వెంట ఏడుపూ వచ్చింది, రెండూ ఆగలేదు. పిట్టను దుప్పటితో సహా దగ్గరికి లాక్కుని వీపు మీద ఒక్కటి వేసింది.

"బుద్ధుందా నీకు? పడి ఉంటే?"

"పడలేదుగా," అంది పిట్ట.