బాలమణి అడగమన్న ప్రశ్న

2004. వనపర్తి కోర్టులో వకీలుగా నాకది నాలుగో ఏడు. ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లె నుంచి బాలమణి నా దగ్గరికి వచ్చింది. విడిగా ఉంటున్న భర్త, ఏడేళ్ల కూతురిని తనకే అప్పగించాలని కస్టడీ పిటిషన్ వేశాడు. అంటే, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలో కోర్టు తేల్చాలి. అతనికి స్లాబు ఇల్లుంది, వండిపెట్టడానికి తల్లి ఉంది. బాలమణి ఏటా బిడ్డను వెంటేసుకుని పూనాకు మట్టిపనికి వలస పోతుంది.

వలస సంగతి ఎత్తొద్దని, ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకున్నానని చెప్పమని సలహా ఇచ్చాను. తెలివైన సలహా అనుకున్నాను, నా మొహం!

"దొంగతనం జేసిన్నా వకీలమ్మా, దాసుకోనీకె? నువ్వు ఆయన్ను ఒక్కటడుగు. పిల్లకు ఏ చెవిల చీము కారుతదో అడుగు" అంది.

ఇదేం ప్రశ్న అని గొణుక్కుంటూనే, అతన్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేసేటప్పుడు, అంటే ఎదుటి పక్షం సాక్షిని మనం ప్రశ్నించే వంతు వచ్చినప్పుడు, అడిగాను. అతను వెనక బెంచీ మీదున్న తన తల్లి వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. చివరికి "చెవులు మంచిగనే ఉన్నయి" అన్నాడు. నా ఫైలులో బాలమణి అంతకుముందే ఇచ్చిన రెండేళ్ల దవాఖాన చీటీలున్నాయి, అన్నీ ఎడమ చెవికే. వాటిని జడ్జిగారి ముందు పెట్టాను.

తర్వాత బాలమణి బోనెక్కింది. మట్టిపని దగ్గర గుడిసెల్లో పెరిగే పిల్లకు చదువేం వస్తుందని వాళ్ల వకీలు దులిపేశాడు. ఆమె జంకలేదు.

"గుడిసెల్నే పెంచిన సారూ. ఇంగ బడి ఉన్నన్ని దినాలు ఊర్లెనే పొలాలల్ల కైకిలి జేస్త. ఎండాకాలం సెలవులల్ల పిల్లను పూనాకు తోల్కపోత. పోనని అబద్ధం జెప్ప."

జడ్జిగారు పాపను తన ఛాంబర్లోకి పిలిచి, మమ్మల్నెవరినీ రానివ్వకుండా మాట్లాడారు. పిల్ల మాట వింటారు గానీ తీర్పు దాని మీదే నిలబడదు, పిల్ల బాగోగులే ముందు చూస్తారు. ఆస్తి ఒక్కటే కొలత కాదని, ఇన్నాళ్లూ సాకిందెవరో చూడాలని రాసి, బిడ్డను తల్లికే ఇచ్చారు. బడి మాన్పించకూడదని షరతు పెట్టారు. తండ్రి ఆదివారాలు వచ్చి చూడొచ్చన్నారు.

చేసే పని దాచుకొమ్మని ఆ తర్వాత ఏ తల్లికీ చెప్పలేదు. ఆనాడు సిగ్గుపడాల్సింది నేనే. ఇప్పటికీ కస్టడీ కేసులో ఎదుటి వకీలు ఇంటికెన్ని గదులో చదవడం మొదలుపెడితే ఒళ్లు మండుతుంది. చదవనీ. నా వంతు రాగానే లేచి, ఆ తండ్రిని బిడ్డకు కిందటిసారి జ్వరం ఎప్పుడొచ్చిందో చెప్పమంటాను.