‘ఇక చాలు’ అని అర్థమొచ్చే పేరు

విజయవాడలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు సంస్కృతం చెప్పాను. మార్కులు బాగా వస్తాయని తీసుకున్నవాళ్లే తప్ప, ఆ భాష మీద ఇష్టంతో వచ్చినవాళ్లు బహు తక్కువ. ఇంట్లో ఆడపిల్ల పుడితే మాత్రం అందరికీ నేను గుర్తొస్తాను. పేరు చెప్పండి మేడమ్, అర్థం చెప్పండి మేడమ్. చెబుతూనే ఉన్నాను. తీగలు, లేడికళ్లు, చిరునవ్వులు. సగం పేర్లు ఎవరో చూసి మురిసిపోవడానికి పెట్టినవే. అది వేరే మంట.

పోయిన నెల కంకిపాడు నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ కోడలు ఒకప్పుడు నా స్టూడెంటు. మూడో కాన్పులోనూ ఆడపిల్లే. ఆదివారం బారసాల. ఆవిడ కాఫీ తాగి, చెంగుతో మూతి తుడుచుకుని అసలు సంగతి చెప్పింది.

“మా కాలంలో అయితే చాలమ్మ అని పెట్టేసేవాళ్లండీ. ఇప్పుడలా పెడితే స్కూల్లో నవ్వుతారు గదా. వినడానికి మోడ్రన్‌గా ఉండాలి, అర్థం మాత్రం ‘ఇక చాలు’ అని రావాలి. ఈసారన్నా మగపిల్లాడు పుడతాడని.”

నా ఒళ్లు మండిపోయింది. ఇంకా మెడ నిలవని పిల్లకి, నువ్వొచ్చింది చాలు అని జన్మంతా మోసే పేరు తగిలిస్తారట. అదీ సంస్కృతంలో, నా చేత.

నా పేరూ అలాంటిదే. నేనూ మూడోదాన్నే. ముద్దుగా ఉందనుకుని పెరిగాను. డిగ్రీలో నిఘంటువు తెరిచి అర్థం చూసుకున్న రోజు అన్నం సహించలేదు. నా తర్వాత తమ్ముడు పుట్టాడు. పేరు పనిచేసిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, నా ఎదుటే.

“అలాంటి పేర్లు నేను చెప్పనండీ” అన్నాను.

“పోనీలెండి, ఫోన్‌లో వెతికించుకుంటాం” అని లేచింది.

వెతికితే దొరుకుతుంది. ఆవిడ గడప దాటేలోపు పిలిచాను.

“ఈప్సిత అని పెట్టండి. ఇక చాలు అని అర్థం.”

ముప్పై ఏళ్లలో ఒక్క మాటకీ తప్పు అర్థం చెప్పినదాన్ని కాను. ఆవిడ నన్ను నమ్మి, ఫోన్ తియ్యకుండానే దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం నేనూ వెళ్లాను. పళ్లెంలో బియ్యం పోశారు. తండ్రి ఉంగరంతో ఆ మూడక్షరాలూ రాశాడు. నానమ్మ వచ్చినవాళ్లందరికీ అర్థం చెప్పి మరీ మురిసిపోతోంది. నాకు లోపల ఉడుకుతూనే ఉంది. ఒక పసిపిల్లకి మంచి పేరు పెట్టించడానికి, ఇంత వయసొచ్చి నేను అబద్ధమాడాలా?

తాంబూలం ఇస్తూ ఆ పిల్ల తల్లి నా పక్కకి వంగింది.

“కోరుకున్నది అని గదా మేడమ్ అర్థం? సెకండియర్లో మీరే చెప్పారు” అంది మెల్లగా. “మా అత్తయ్యగారికి నేనేం చెప్పలేదండీ.”

పిల్లని ఒళ్లోకి తీసుకున్నాను. నిద్రపోతోంది. ఇదీ ఏదో ఒక రోజు నిఘంటువు తెరుస్తుంది. తెరవనీ.