బావా, పేలుస్తున్నా

నవంబరులో పోస్టుకు చేరాం. సరిహద్దు కొండమీద రాతి బంకరు, మోకాలి లోతు మంచు. నేను మెషిన్‌గన్ మీద. పక్కన రేడియో ఆపరేటరు, గుడివాడవాడు. ఒకే జిల్లావాళ్లమని నన్ను బావా అనేవాడు. మా ఇద్దరి మీద హవల్దారు.

ఒక ఉదయం ఏడింటికి ఫిరంగులు మొదలయ్యాయి. ఒక గుండు కింది బంకరు మీద పడింది. అక్కడి ఆపరేటరు మావాడితో మాట్లాడుతూనే పోయాడు. మేమే తవ్వి తీశాం. తల ఒకచోట, మొండెం ఒకచోట.

ఆ తర్వాత మావాడికి నిద్ర లేదు. ఆపేసిన రేడియో సెట్లో చచ్చినవాణ్ని పిలిచేవాడు. "వినిపిస్తోందా? ఓవర్."

హవల్దారుకు చెప్పాను. మనిషి మంచివాడే. "వాడి డ్యూటీ పెంచుదాం. చేతినిండా పనుంటే మనసు దారిలో ఉంటుంది" అన్నాడు. ఫౌజులో అందరికీ తెలిసిన మందు అదొక్కటే. వాడి కాపలా రెండింతలైంది.

ఒక పొగమంచు పొద్దున మా గస్తీ తిరిగొస్తుంటే వాళ్లమీదే కాల్చాడు. ముందున్న మనిషి తొడ చీలిపోయింది. మళ్లీ గురిపెట్టాడు. నా రైఫిల్ తిప్పి వాడి దవడమీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు వినబడింది. స్ట్రెచరుకు కట్టేసి కిందికి మోశాం. "పిచ్చోడు" అన్నారెవరో. ఆ పిచ్చిని మేపింది మేమే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

సర్వీసు ముగించుకుని మా ఊరు నాగాయలంక వచ్చేశాను. రొయ్యల చెరువు మీద పక్షుల్ని తోలడానికి నా బావమరిది టపాకాయ పేల్చాడు. నాకు తెలివొచ్చేసరికి వాడు గట్టుమీద నా కింద ఉన్నాడు. వాడి గొంతు నా చేతుల్లో ఉంది. కళ్లు తేలేశాడు. నా భార్య నా చెయ్యి కొరికితే వదిలాను.

"బావని ఇంట్లో ఉంచకక్కా. పిల్లలున్నారు" అన్నాడు, దగ్గుతూ.

"ఏదన్నా పనిలో పెట్టండమ్మా, అదే సర్దుకుంటుంది" అంది మా అత్తగారు. మళ్లీ హవల్దారు మందే అని మర్నాడే బస్సెక్కాను.

బందరు ఆసుపత్రిలో డాక్టరు మందులు రాశారు. అక్కడి సోషల్ వర్కరు చెరువు దాకా వచ్చింది. ముందు నా బావమరిదినే అడిగింది.

"పేల్చేముందు మీ బావగారికి చెప్తారాండీ?"

"కేకేస్తే పక్షులెగిరిపోతాయి కదండీ."

"అవి ఎగిరిపోవాలనే కదండీ పేల్చేది?"

నా భార్య నవ్వింది. తన నవ్వు విని ఎన్నాళ్లయిందో.

"కేకేయండి. ఆయన బదులిచ్చాకే పేల్చండి" అని సోషల్ వర్కరు నావైపు తిరిగింది. "మందులు మానకండి. ఇది జబ్బేనండీ, తప్పు కాదు. కానీ ఒంటరిగా ఉంటే తగ్గదు."

ఇప్పుడు గట్టుమీంచి కేక వస్తుంది. "బావా, పేలుస్తున్నా."

"విన్నాను. పేల్చు" అంటాను. టపాకాయ పేలుతుంది. చేతులు మాత్రం ఒళ్లోనే ఉంటాయి. పిల్లలతోనే ఉంటున్నాను.

చప్పుడు ఆగాక ఆ గుడివాడవాడు కనబడతాడు. స్ట్రెచరుకు కట్టేసి ఉన్నాడు. విరిగిన దవడలోంచి నెత్తురు కారుతోంది. బొటనవేలు ఒక్కటే కదులుతూ, లేని రేడియో మీటను నొక్కుతోంది. "వినిపిస్తోందా, బావా? ఓవర్."

కొండ దిగేదాకా ముద్దముద్దగా అడుగుతూనే ఉన్నాడు. మోస్తున్నవాళ్లం ఒక్కరమూ బదులివ్వలేదు.